మెట్‌పల్లి షెడ్డులో కొత్త కార్బొరేటర్

మెట్‌పల్లి నుంచి కోరుట్ల వైపు జాతీయ రహదారి 63 మీద పోతుంటే రెండు పక్కలా టైర్ల దుకాణాలు, బ్యాటరీల వాళ్లు, ట్రాక్టర్ మెకానిక్కులు, వెల్డింగ్ షెడ్లు. అలాంటి ఒక రేకుల షెడ్డులో బానెట్ ఎత్తిన అంబాసిడర్ నిలబడి ఉంది. నంబరు ఏపీ 15తో మొదలవుతుంది. అంటే మెట్‌పల్లి ఇంకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న రోజుల నాటిది. ఇప్పటి జగిత్యాల జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్‌లోనే కదా. ఆ కారుకి కొత్త కార్బొరేటర్ ఎక్కిస్తున్నారని తెలిసి, పని మొదటి నుంచి చివరిదాకా చూడాలని వెళ్లాను.

అంబాసిడర్ అనగానే మనవైపు గుర్తొచ్చేది డీజిల్ టాక్సీ. దానికి కార్బొరేటర్ ఉండదు. ఇది పెట్రోల్ బండి, 1489 సీసీ ఇంజను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకి పెట్టిన ఇంజన్నే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దశాబ్దాల పాటు తయారుచేశారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కార్బొరేటర్ల కథ అంతకన్నా ముందే ముగిసింది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిసేసరికి కొత్త పెట్రోల్ కార్లన్నీ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. తర్వాత పని నేర్చుకున్న మెకానిక్కుల్లో చాలామంది లాప్‌టాప్ తగిలించి రోగం చదవగలరు గానీ, కార్బొరేటర్‌లోని జెట్టు చేతిలో పెడితే ఏం చెయ్యాలో తెలియదు. అది వాళ్ల తప్పు కాదు, నేర్చుకునే బండే వాళ్ల ముందుకు రాలేదు.

ఈ షెడ్డు పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. కుర్రతనంలో జగిత్యాల టాక్సీల దగ్గర పని నేర్చి, ఈ ప్రాంతపు మనుషులు ఎందరో పోయినట్టే గల్ఫ్‌కి పోయి, అక్కడ టయోటా పికప్పులు విప్పి, తిరిగొచ్చి షెడ్డు వేసుకున్నారు. కారు యజమాని రిటైరైన టీచరు. పొద్దున బండి అందుకోదు, స్లోలో పెడితే ఆగిపోతుంది, పెట్రోల్ మాత్రం విపరీతంగా తాగుతోంది. ఎవరో సలహా ఇస్తే హైదరాబాద్ నుంచి కొత్త కార్బొరేటర్ తెప్పించారు. పాతది సోలెక్స్ రకం. కొత్తది ఆ నమూనాలోనే ఎవరో పోతపోసిన నకలు. డబ్బా మీద కంపెనీ పేరు కూడా లేదు.

ఉస్తాద్ ఆ డబ్బాను ఒకసారి చూసి పక్కన పెట్టారు.

"సారూ, కొత్తది తెచ్చిన్రు, మంచిదే. గని ముందుగాల రోగమేందో చూడాలె గద."

మొదట ప్లగ్గులు విప్పారు. నాలుగూ మసి పట్టి నల్లగా ఉన్నాయి. అంటే గాలికి మించి పెట్రోల్ పోతోంది. పాయింట్ల మధ్య సందు కొలిచి, గీసి సరిచేశారు. తర్వాత చోక్ వైరు చూశారు. సోలెక్స్‌లో చోక్ అంటే గొంతుకి అడ్డం పడే రేకు కాదు. పక్కన ఒక చిన్న బిళ్ల తిరిగి, స్టార్టింగ్‌కని విడిగా చేసిన దారిలోంచి పెట్రోల్ వదులుతుంది. వైరు బిగుసుగా ఉండి ఆ బిళ్ల పూర్తిగా మూసుకోకపోతే బండి రోజంతా చోక్ మీద నడిచినట్టే. ఇక్కడ వైరు బిగుసుగానే ఉంది. బండి తాగుతోందని సారు చెప్పిన పెట్రోల్‌లో కొంత ఆ ఒక్క వైరు వల్లే పోతోంది. కార్బొరేటర్ మార్చాలని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇలాంటివే అని నాకక్కడే అర్థమైంది.

అయినా పాత కార్బొరేటర్ నిర్దోషి కాదు. ఇంజను స్లోలో పెట్టి, కార్బొరేటర్ అడుగు భాగంలో, మానిఫోల్డ్‌తో కలిసే చోట, స్ప్రే కొట్టారు. వెంటనే ఇంజను చప్పుడు మారింది. అక్కడ దొంగగాలి లోపలికి పోతోంది. విప్పి చూస్తే అడుగు చెవులు వంగి ఉన్నాయి. ఏళ్ల తరబడి లీకైనప్పుడల్లా నట్లు ఇంకా బిగించుకుంటూ పోతే అలాగే వంగుతాయి. థ్రాటిల్ కడ్డీ పట్టుకుని ఊపితే లొడలొడలాడింది. ఆ కడ్డీ తిరిగే రంధ్రం అరిగిపోతే ఏ స్క్రూ తిప్పినా స్లో నిలవదు. బాడీకి బుష్ వేయించవచ్చు, కానీ దానికి మంచి లేత్ మేస్త్రీ కావాలి. కనక కొత్త బాడీ పెట్టడం న్యాయమే అని ఉస్తాద్ తేల్చారు.

అప్పుడు డబ్బా తెరిచారు. దాన్ని నేరుగా ఎక్కించేస్తారనుకున్నాను. ఉస్తాద్ దాన్నీ మొత్తం విప్పేశారు.

కార్బొరేటర్ చేసే పని వినడానికి తేలికే. గాలి పోయే గొట్టం నడుమ సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ఆ లోటే పక్క గిన్నెలోని పెట్రోల్‌ని జెట్టు గుండా లాగి తుంపరగా మారుస్తుంది. ఒక పాలు పెట్రోల్‌కి, బరువు లెక్కన, దాదాపు 14.7 పాళ్లు గాలి కావాలి. ఈ లెక్కంతా ఇత్తడి జెట్టుకున్న సన్నటి రంధ్రం మీద ఆధారపడి ఉంటుంది. సోలెక్స్ జెట్ల మీద కొట్టిన అంకె ఆ రంధ్రపు వ్యాసమే, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 120 అని ఉంటే 1.20 మిల్లీమీటర్లు.

పాత మెయిన్ జెట్టు, కొత్త మెయిన్ జెట్టు రెండూ అరచేతిలో పెట్టుకుని వెలుతురు వైపు ఎత్తి నాకు చూపించారు. కొత్తదాని మీది అంకె పది ఎక్కువ. కంటికి తేడా తెలియడం లేదు, కానీ ఇంజనుకి అది పెద్ద తేడాయే. అలాగే ఎక్కించి ఉంటే సారు కొత్త వస్తువు కొని పాత రోగాన్నే ఇంటికి తీసుకుపోయేవారు.

"లోపటి నంబర్లు ఎవలిష్టం వాళ్లది సార్. బాడీ సోలెక్స్ తీరుగ ఉంటది, గంతే," అన్నారు.

మరో లోపం ఇంకా సూక్ష్మమైనది. డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ గొట్టం తగిలించే ముక్కు కొత్తదానికి ఉంది, కానీ లోపలి రంధ్రం పూర్తిగా తెరుచుకోలేదు. పోతలో మిగిలిన ముక్క అడ్డుపడి ఉంది. ఆ దారి మూసుకుపోతే బండి మామూలుగా నడుస్తున్నట్టే ఉంటుంది గానీ, సాఫీ రోడ్డు మీద నిప్పురవ్వ పడే సమయం ముందుకు జరగాల్సినంత జరగదు. మైలేజీ పడిపోతుంది. నెలల తరబడి కారణం తెలియదు. ఉస్తాద్ సన్నటి తీగతో ఆ ముక్కను తీసి, నోటితో ఊది, అవతల గాలి వస్తోందో లేదో వేలు పెట్టి చూశారు.

తర్వాత అడుగు భాగం. అద్దం పలక మీద ఎమెరీ కాగితం పరిచి, కార్బొరేటర్‌ని దాని మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దారు. మొదట అంచులు మాత్రమే మెరిశాయి, నడిమి భాగం నల్లగానే ఉంది. కొత్తదీ చదునుగా లేదన్నమాట. అంతటా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దుతూనే ఉన్నారు. ప్యాకింగ్ కూడా అక్కడే తయారైంది. ప్యాకింగ్ షీటును మానిఫోల్డ్ మీద పరిచి, చిన్న సుత్తి గుండుతో అంచుల వెంబడి మెల్లగా కొడుతూ పోతే, లోహపు అంచే కాగితాన్ని కత్తిరించింది. నడుమ రంధ్రం, రెండు పక్కలా నట్ల రంధ్రాలు, గీత గీసినట్టు విడిపోయాయి. ఆ షెడ్డులో నాకు చాలా నచ్చిన పని అదే.

బిగించేటప్పుడు ఒక నట్టు కొంచెం, రెండో నట్టు కొంచెం. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న శిష్యుడు పానా మీద బలం పెట్టబోతే వారించారు. తర్వాత అతన్నే స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "అరేయ్, కాలు మొత్తం తొక్కు," అని గొంతులోకి టార్చి వేసి చూశారు. లోపలి థ్రాటిల్ బిళ్ల పూర్తిగా నిలువు కాలేదు. కొత్తదాని లీవరు కోణం వేరు. కడ్డీ పొడవు సరిచేశాక గానీ యాక్సిలరేటర్ చివరిదాకా పనిచేయలేదు. వదిలినప్పుడు స్ప్రింగు వెనక్కి లాగుతోందో లేదో కూడా చూశారు. ఇది మైలేజీ సంగతి కాదు, ప్రాణాల సంగతి.

పాత జెట్టు కొత్త బాడీలో వేసి స్టార్ట్ చేశారు. కింద ఉన్న మిక్చర్ స్క్రూ లోపలికి తిప్పుతుంటే ఇంజను తడబడింది, బయటికి తిప్పుతుంటే సర్దుకుంది. ఆ రెండింటి నడుమ చప్పుడు నిండుగా, ఒకే తీరుగా ఉన్నచోట చెయ్యి ఆపారు. మీటరేమీ లేదు, చెవి మీదే నమ్మకం. తర్వాత కోరుట్ల రోడ్డు మీద బండిని గట్టిగా తోలి తెచ్చి, ప్లగ్గులు మళ్లీ విప్పారు. మసి లేదు. కానీ కొన వద్ద ఇటుక రంగుకి బదులు తెల్లదనం కనిపిస్తోంది. పెట్రోల్ కొంచెం తక్కువవుతోంది.

పాత జెట్టు కంపెనీ జెట్టే కదా, ఎందుకిలా అని అడిగాను. "అప్పటి పెట్రోల్ వేరు సార్, ఇప్పటిది వేరు," అన్నారు. మాట నిజం. 2023 ఫిబ్రవరిలో మొదలై, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ మండడానికి తక్కువ గాలి చాలు, ఒక పాలుకి దాదాపు తొమ్మిది పాళ్లు. కాబట్టి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ఇంజెక్షన్ బండిలో సెన్సారు ఆ లెక్క సరిచేసుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్టు మార్చాల్సిందే. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు డయాఫ్రమ్‌లను పాడుచేస్తుంది. బండి వారాల తరబడి నిలబెడితే గిన్నెలో జిగురు పడుతుంది.   

ఉస్తాద్ లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చారు. దాన్నిండా జెట్లే. తుక్కుకి పోయే కార్ల కార్బొరేటర్లు కొని, విప్పి, కడిగి దాచుకున్నవి. వెతికి, పాతదానికీ కొత్తదానికీ నడిమి అంకె ఉన్న జెట్టు తీసి వేశారు. మళ్లీ తోలి తెచ్చాక ప్లగ్గుల కొనలు లేత ఇటుక రంగులో ఉన్నాయి. సారు ముఖంలో సంతోషం చూశాను.

ఇలాంటి నకళ్లు తయారుచేసేవాళ్లు సగం పనే చేసి అమ్ముతున్నారని నేను గట్టిగా అంటాను. మిగతా సగం షెడ్డులో జరుగుతోంది, అందుకు మెకానిక్ అడిగే కూలి మనకి ఎక్కువ అనిపిస్తోంది. ఆ రోజు ఉస్తాద్ అడిగిన డబ్బు కార్బొరేటర్ ధర కన్నా తక్కువే. నా లెక్కలో అది ఎక్కువ ఉండాల్సింది.

ఇంట్లో పాత పెట్రోల్ కారున్న వాళ్లకి ఒక మనవి. కార్బొరేటర్ కొనే ముందు ప్లగ్గులు, పాయింట్లు, చోక్ వైరు, అడుగున గాలి లీకు చూపించుకోండి. కొత్తది కొనక తప్పకపోతే కొనండి, కానీ పాతదాన్ని తుక్కు కొట్టులో తూకానికి వేయకండి. జెట్లతో సహా గుడ్డలో చుట్టి దాచిపెట్టండి, లేదా ఇలాంటి ఒక ఉస్తాద్ చేతిలో పెట్టండి.