లోతు తక్కువ

మా అవ్వకు అంకెలు రావు. లోతు తెలుసు. గుంత అంచున నిలబడి ఇంకెన్ని తట్టల మన్ను తీయాల్నో కంటితోనే చెప్తది.

2006 ఫిబ్రవరిల ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత జిల్లాలల్ల నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నయి. మా మాదిగవాడల దాన్ని కరువు పని అనేటోళ్లు. 2008ల నేను నల్లగొండల బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఒక ఆదివారం ఇంటికి పోతే అవ్వ మొఖం చిన్నబుచ్చుకొని కూసున్నది. లోతు తక్కువైందని కూలి కోసిండ్రట.

"డెబ్బై సెంటీమీటర్లన్నడు, డెబ్బై తీసినం బిడ్డా. టేపు ఆయనదే, రాత ఆయనదే" అన్నది.

కాలేజీకొచ్చి ఆ గుంతనే సీ ప్రోగ్రాం చేసిన. లోతును ఫ్లోట్‌ల పెట్టి, 0.7 కంటె చిన్నదైతే 'తక్కువ' అని చూపెట్టమన్న. అంతే. 0.7 కొట్టిన. తెరమీద 0.700000 అని పడ్డది. దాని కిందనే, తక్కువ అని.

నాకు కడుపుల కలుక్కుమన్నది. ఈ డబ్బా గూడ మా అవ్వదే తప్పంటున్నది.

ల్యాబుల సారును పిలిచిన. తెర దిక్కు సరిగ చూడనన్న చూడలే. "ముందు టైపు చేయడం నేర్చుకో. రిజర్వేషన్లో వచ్చినోళ్లతో ఇదే బాధ" అన్నడు. పక్కనోళ్లు నవ్విండ్రు. తప్పెక్కడున్నా ముందు నా దాంట్లనే ఎతుక్కునుడు నాకు చిన్నప్పటి అలవాటు. ఆ దినం నాలుగుసార్లు చదివిన. దొరకలే. తప్పు కంపైలర్‌దే అనుకున్న.

యంత్రాన్ని అనుమానించుడు పాపమేం కాదు. 1994ల అమెరికాల థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ పెంటియం చిప్పు భాగారంల తప్పుతున్నదని పట్టిండు. అవసరమున్నట్టు రుజువు చేసుకుంటేనే చిప్పు మారుస్తమన్నది మొదట ఇంటెల్ కంపెనీ. (కుల సర్టిఫికెట్ కోసం తిరిగినోళ్లకు ఈ మాట కొత్తగాదు.) ఆ డిసెంబరుల దిగొచ్చి, అడిగినోళ్లందరికీ మారుస్తమన్నది.

నేను 0.1 నుంచి 0.9 దాక ఒక్కొక్కటి ఫ్లోట్‌ల పెట్టి, అదే అంకెతోటి పోల్చిన. 0.5 ఒక్కటే సమానం. 0.7, 0.9 తక్కువ. మిగిలిన ఆరూ ఎక్కువ! బిందువు తర్వాత పది స్థానాలు చూపెట్టమంటే దొంగ దొరికిండు: 0.6999999881. ఒక దోస్తు లినక్స్ మీద జీసీసీతోటి నడిపిచ్చిండు. అదీ అదే చెప్పింది. రెండు కంపైలర్లు ఒక్కతీరుగ ఎట్ల తప్పుతయి?

ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు బడి పిల్లలకు దశాంశాలు చెప్పేటప్పుడు ఇది చెప్త. మూడో వంతును మనం 0.333 అని ఎంత రాసినా తెగదు గద. కంప్యూటర్‌ది రెండ్ల లెక్క. సగం, పావు, అరపావు సాఫుగ తెగుతయి. పదింట ఏడు తెగదు. ఫ్లోట్‌ల దాన్ని 24 బిట్ల కాడ కోస్తరు. ప్రోగ్రాంల ఊరికె 0.7 అని రాస్తే అది డబుల్, 53 బిట్లు. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం చెప్పిన కొలతలే ఇవి. నేను పొట్టి 0.7ను పొడుగు 0.7 పక్కన నిలబెట్టిన. తెర ఆరు స్థానాలకు సవరించి 0.700000 అని చూపింది. కంపైలర్‌ది తప్పు లేదు. నాది టైపు తప్పూ కాదు.

లోతును సెంటీమీటర్లల పూర్ణాంకం చేసిన. 70. సమానం అన్నది. సారు రికార్డుల సంతకం పెట్టిండు. ఏం మార్చినవని అడగలే.

మళ్ల ఇంటికి పోయినప్పుడు అవ్వకు చెప్పిన, పది అంకెలు చూపెట్టమంటే డబ్బా దాచుకోకుండ చూపెట్టిందని. అవ్వ రొట్టె కాలుస్తనే విన్నది.

"మరి గాయన బుక్కు గూడ గట్లనే తెరిపియ్యరాదు?" అన్నది.

2005 సమాచార హక్కు చట్టం పేరు రాసి, మా గుంత కొలతల పుస్తకం నకలు కావాలని తెల్లకాయితం మీద అర్జీ పెట్టిన. కింద అవ్వ వేలిముద్ర వేసింది.