చినవెంకన్న కొండ మీద కొత్త బండి

కొత్త వాహనం కొంటే ద్వారకా తిరుమలలో పూజ చేయించడం గోదావరి సీమలో చాలా ఇళ్ల ఆనవాయితీ. ఆ బండి కొండెక్కే ముందు యజమాని 'పైన' ఎంత పెట్టాడన్నది మాత్రం వేరే కథ. ఆ కథ ఏలూరులో ఉంది... అమెరికాలోనూ ఉంది!

బానెట్ మీద పసుపు, కుంకుమ, మూడు నామాలు. ముందు బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. స్వామి హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టించి, 'ఇక ముందుకు పోనీండి' అనగానే చితుక్కుమని ఓ చప్పుడు. అంతే, బండి ఇంట్లో మనిషైపోయినట్టే!

ఆదివారం పొద్దున్న ద్వారకా తిరుమలలో కాసేపు నిలబడితే చాలు, ఈ దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కార్లే కాదు... ట్రాక్టర్లు, ఆటోలు, చేపల లోడుకెళ్లే వ్యాన్లు, సీటు మీద కవరు కూడా విప్పని మోటారుసైకిళ్లు. కొల్లేరు పక్కన చెరువులున్న రైతులు, తాడేపల్లిగూడెం ఉల్లి వర్తకులు, ఏలూరు ఉద్యోగులు, అందరి బండ్లకూ తొలి ప్రయాణం ఇటే.

పూజ జరుగుతుండగానే పక్కవాళ్లు అడిగే మొదటి మాట 'మైలేజీ ఎంత' అని కాదు, 'ఎంత పడింది' అని. దానికి మూడు జవాబులుంటాయి. ఒకటి ఎక్స్‌షోరూం రేటు, అది ప్రకటనల్లో ఉండేది. రెండోది పన్ను, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిపిన ఆన్‌రోడ్ రేటు. మూడోది అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పేది. నెలల తరబడి ఆగకుండా బండి చేతికి రావడానికి అదనంగా ఇచ్చుకున్నది. సినిమా టికెట్టయితే దాన్ని 'బ్లాక్' అనే అంటాం. కారు దగ్గరికొచ్చేసరికి ఎందుకో అందరికీ మర్యాద గుర్తొస్తుంది.

పెద్ద తిరుపతి వెళ్లలేకపోతే...

ఈ క్షేత్రానికి చిన్న తిరుపతి అని పేరు. ద్వారక మహర్షి తపస్సు చేసిన చోటు కాబట్టి ద్వారకా తిరుమల అయిందంటారు. గర్భాలయంలో రెండు మూర్తులుంటాయి. పుట్టలో వెలిసిన స్వయంవ్యక్త మూర్తికి నడుము పైభాగమే దర్శనమిస్తుంది. పాదసేవకు వీలుండాలని వెనుక నిండైన విగ్రహాన్ని రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని ప్రతీతి. అందుకే స్వామికి ఏటా రెండు కల్యాణోత్సవాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి.

ఇక్కడ ఓ ముచ్చటైన నియమం ఉంది. పెద్ద తిరుపతికి మొక్కుకుని వెళ్లలేకపోతే ఆ మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చు. ఇక్కడ మొక్కుకున్నది మాత్రం ఇక్కడే తీర్చాలి. ఒకచోట దొరక్కపోతే ఇంకోచోట చూసుకోమనే వెసులుబాటు దేవుడిచ్చాడు. కార్ల షోరూముల వాళ్లు అంత తేలిగ్గా ఇవ్వరు!

వంతు అమ్ముకున్న రోజులు

నడివయసు దాటినవాళ్లకు ఈ బాధ కొత్తకాదు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటర్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. పదేళ్లు ఆగినవాళ్లూ ఉన్నారు. విదేశీ డబ్బుతో కట్టగలిగితే వరస తప్పించుకునే దారి ఉండేది. అలా గల్ఫ్‌లోనో అమెరికాలోనో బంధువున్న ఇంటికి స్కూటర్ ముందొచ్చేది. మిగతావాళ్లు తమ నంబరు కోసం చూసేవాళ్లు. కొందరైతే బండి నడిపే ఉద్దేశమే లేకుండా బుక్ చేసి, వంతు రాగానే లాభానికి అమ్మేసేవాళ్లు.

మారుతి 800 కథా అంతే. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. అప్పటికే లక్షమందికి పైగా తలా 10 వేల రూపాయలు కట్టి వరసలో ఉన్నారు. ఆ రోజుల్లో 10 వేలంటే మాటలా! ఫ్యాక్టరీ ధర మారదు, బండ్లు చాలవు. మధ్యలో మిగిలిన తేడా ఎవరి చేతిలో వంతు ఉంటే వారిది.

నిమిషంలో పాతిక వేలు

లైసెన్సుల రాజ్యం పోయింది, కంపెనీలు పెరిగాయి. వరసలు పోయాయా అంటే... లేదు. 2022 జులై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిస్తే నిమిషంలో 25 వేలు, అరగంటలో లక్ష. 2024 అక్టోబరు 3న థార్ రాక్స్‌కు గంటలో లక్షా 76 వేలు! ఇంతమందికి ఒక్కసారే బండ్లు ఎక్కడినుంచి వస్తాయి?

సరిగ్గా ఇక్కడే మూడో జవాబు పుడుతుంది. మనదగ్గర షోరూం మనిషి 'పైన రెండు లక్షలివ్వండి' అని బిల్లు రాయడు. 'ఈ యాక్సెసరీలు తీసుకుంటేనే త్వరగా వస్తుందండీ' అంటాడు. సీటు కవర్లు, మ్యాట్లు, కోటింగులు... బయట సగం రేటుకు దొరికేవే. ఇన్సూరెన్సు మా దగ్గరే చేయించాలంటాడు. నిజానికి ఏ కంపెనీ పాలసీ తీసుకోవాలన్నది కొనేవారి ఇష్టం. 'హ్యాండ్లింగ్ చార్జీ' అని ఇంకో గీత గీస్తాడు. అది సర్కారు పన్నూ కాదు, రిజిస్ట్రేషన్ రుసుమూ కాదు. అడిగితే కొన్నిచోట్ల తీసేస్తారు. చాలామంది అడగరు. ముహూర్తం పెట్టేసుకున్నాక బేరమాడటానికి మనసొప్పదు మరి.

'అక్కడా ఇదేనా బాబూ?'

పూజలు చూస్తూ నిలబడితే ఓ పెద్దాయన పలకరించారు. భీమడోలు వైపు పల్లె. పామాయిల్ తోట ఉంది. కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ ఏదో పరుగుల కారు, కొద్దిసంఖ్యలోనే చేస్తారట, దానికి బుక్ చేశాడు. కొడుకు పేరు మీద అర్చన చేయించడానికి ఈయన కొండకొచ్చారు. ఫోనులో ఫొటో చూపించారు. కారు అద్దానికి కంపెనీ ధర కాగితం. దాని పక్కనే షోరూంవాళ్లు అంటించిన ఇంకో కాగితం. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని, దానికెదురుగా ఇంకో 20 వేల డాలర్లు.

'దీన్నేమంటారు బాబూ?' అన్నారు.

డిమాండును బట్టి డీలరు కలుపుకునే మొత్తమండీ అన్నాను.

'అంటే బ్లాకేగా! అమెరికాలోనూనా? ఆయ్!'

ఆయన ఆశ్చర్యం న్యాయమైందే. కానీ అక్కడ అది దొంగచాటు వ్యవహారం కాదు. ప్రతి కొత్త కారు అద్దానికీ ధరల కాగితం ఉండాలని అక్కడ 1958లోనే చట్టం చేశారు. దాన్ని తెచ్చిన సెనేటర్ పేరు మీదే మన్రోనీ స్టిక్కర్ అంటారు. కాకపోతే ఆ ధర తయారీదారు 'సూచించేది' మాత్రమే. డీలరు స్వతంత్ర వ్యాపారి. చాలా రాష్ట్రాల చట్టాల ప్రకారం ఫోర్డ్, డాడ్జ్ లాంటి కంపెనీలు నేరుగా కొత్త కారు అమ్మడానికి వీల్లేదు, డీలరు ద్వారానే అమ్మాలి. బండ్లు ఎక్కువుంటే ఆయన తగ్గించి ఇస్తాడు, తక్కువుంటే పెంచుతాడు.

ఈ పిచ్చి అక్కడా పాతదే. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ 2,368 డాలర్లకు వచ్చినప్పుడు మొదటిరోజే 22 వేల ఆర్డర్లు. టెక్సాస్‌లో ఓ షోరూంలో ఒక్క కారే ఉంటే వేలంపాట పెట్టారనీ, గెలిచినాయన తన చెక్కు మారేదాకా ఎవరికీ ఇవ్వకుండా రాత్రంతా కారులోనే పడుకున్నాడనీ చెప్పుకుంటారు. అదే మస్టాంగ్ 2016లో మనదేశానికీ వచ్చింది, దాదాపు 65 లక్షల రూపాయలకు. అక్కడ కుర్రకారు తిరిగే బండి, సుంకాలన్నీ కలిసేసరికి ఇక్కడ కోటీశ్వరుల బండి అయింది.

అమెరికాలో కంపెనీలు ఏమీ చేయలేవా? చేసిన సందర్భాలున్నాయి. డాడ్జ్ సంస్థ చాలెంజర్ డెమన్ అనే 840 హార్స్‌పవర్ కారును 3,300 మాత్రమే చేసింది. ధర సుమారు 85 వేల డాలర్లు. ఎగబడతారని తెలిసి 2017లో ఓ మెలిక పెట్టింది. సూచించిన ధరకో, అంతకన్నా తక్కువకో అమ్మిన డీలర్ల ఆర్డర్లు ముందు తయారుచేస్తాం, పెంచి అమ్మినవాళ్లవి చివర్లో అంది. పెంచేవాళ్లు ఆగిపోయారా అంటే లేదుగానీ, ఆగడానికి ఓ కారణమైతే దొరికింది. ఫోర్డ్ తన జీటీ కారుకు దరఖాస్తులు తీసుకుని కొనేవారిని తనే ఎంపిక చేసింది. రెండేళ్లదాకా అమ్మకూడదని షరతు. మన పిల్లలకు బాగా తెలిసిన మల్లయోధుడు జాన్ సీనా ముందే అమ్మేశాడని 2017లో కోర్టుకు కూడా వెళ్లింది. మరుసటేడు రాజీ కుదిరింది.

మనవాళ్లూ ఆ దారి పట్టారు. 2025 ఆగస్టులో మహీంద్రా బీఈ 6 బ్యాట్‌మ్యాన్ ఎడిషన్‌ను 27.79 లక్షలకు, మొదట 300 కార్లే అంది. తాకిడి చూసి 999 చేసింది. 135 సెకన్లలో అన్నీ బుక్కయిపోయాయి. మనం నిమ్మకాయలు కొని కొండెక్కేలోపే!

రేటు రాసి పెడితే...

పెద్దాయనకు నేను చెప్పగలిగింది ఒకటే. డిపాజిట్ కట్టేముందే మొత్తం ధర ఎంతో కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోమని కొడుక్కి చెప్పండి, డిపాజిట్ వెనక్కి వస్తుందో రాదో కూడా అందులోనే ఉండాలి అన్నాను. ఏలూరులో కొనేవారికైనా అంతే. నోటిమాట డెలివరీ రోజున ఎవరికీ గుర్తుండదు.

ముందు వెళ్లడానికి ఎక్కువ కట్టడం తప్పని నేననను. గుళ్లలోనే ధర్మదర్శనం, ప్రత్యేక దర్శనం రెండూ ఉన్నాయి. కానీ అక్కడ టికెట్ రేటు బోర్డు మీద ఉంటుంది, అందరికీ ఒకటే, డబ్బు దేవస్థానానికి జమ అవుతుంది. కేరళలోని గురువాయూరులో ఏం జరిగిందో చూడండి. 2021 డిసెంబరులో మహీంద్రా సమర్పించిన థార్‌ను వేలం వేస్తే ఒకాయనే వచ్చి 15 లక్షల 10 వేలకు పాడాడు. వివాదమైంది. 2022 జూన్‌లో మళ్లీ వేస్తే 43 లక్షలు పలికింది. కంపెనీ ధరకు రెండింతలకు పైనే! అయినా ఎవరూ మోసం అనలేదు. నలుగురి ముందు పాడారు, సొమ్ము దేవుడికి చేరింది. షోరూంలో సీటు కవర్ల పేరిట పోయే లక్షకు ఆ భాగ్యం లేదు.

'మావాడు ఆ 20 వేలూ ఇచ్చేస్తాడేమో' అని పెద్దాయన దిగులు. 'ఇక్కడ అదే డబ్బు పెడితే నాకు ట్రాక్టరొస్తుంది, ఇంకా మిగులుద్ది కూడా!' ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు.

ఇలా వెళ్లాలి

ద్వారకా తిరుమల ఒకప్పుడు పశ్చిమగోదావరిలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఏలూరు నుంచి సుమారు 42 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద భీమడోలు దగ్గర తిరిగితే మరో 15 కిలోమీటర్లు. ప్యాసింజర్ రైలుకైతే భీమడోలు స్టేషనే దగ్గర. ఎక్స్‌ప్రెస్‌లకు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో దిగి బస్సెక్కాలి. కొండకు కాస్త ముందే గ్రామదేవత కుంకుళ్లమ్మ గుడి వస్తుంది. కొత్త బండి అయితే అక్కడా ఓ కొబ్బరికాయ కొట్టి ముందుకు కదులుతారు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. వాహన పూజకే వెళ్లేవారు మామూలు రోజున, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకుండా పని పూర్తవుతుంది.