మూసీ వెంట ఒక గాజు సీసా

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల నెత్తిన జేగురు రంగు రాతిపొర ఉంటుంది. దాని కింద నల్లరాయి, ఒకప్పటి దక్కన్ లావా. వాననీరు ఎర్రపొరలోంచి ఇంకి, నల్లరాతి నెర్రెల్లో నిలిచి, వాలు దొరికినచోట ఊటగా బయటికొస్తుంది. ఆ ఊటలన్నీ కూడి మూసీ అవుతాయి. అక్కడి నుంచి నల్లగొండ జిల్లా వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా సుమారు 240 కిలోమీటర్లు. రసాయనశాస్త్రం చదివే పిల్లలు పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా బట్టీపట్టే సంగతులు చాలావరకు ఈ ఒక్క ఏటి వెంట వరసగా కనిపిస్తాయి. చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. 300 మిల్లీలీటర్ల గాజు సీసా, బిగుతైన గాజు మూత, నాలుగైదు రసాయనాలు ఉంటే బయల్దేరవచ్చు.

సీసా సంగతి ముందే చెప్పుకోవాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతిని 1888లో హంగరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్ ప్రకటించాడు. గాలిబుడగ చొరబడకుండా సీసా నింపి, అందులో మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షారం కలిపిన అయోడైడు వేస్తారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. గోధుమరంగు దిగిన సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అవక్షేపం కరిగి, ఉన్న ఆక్సిజన్‌కు సరిగ్గా సమానంగా అయోడిన్ విడుదలవుతుంది. దాన్ని స్టార్చి నీలం విరిగేదాకా థయోసల్ఫేటుతో కొలుస్తారు. ఇప్పుడు నీళ్లలో ముంచితే అంకె చూపించే మీటర్లు వచ్చాయి. అయినా మొదటిసారి ఏటికి వెళ్లే విద్యార్థి చేతికి నేను సీసానే ఇస్తాను. ఆక్సిజన్ ఉండటం, లేకపోవడం కంటికి రంగుగా కనిపిస్తే ఆ పాఠం మరిచిపోరు.

కొండ దిగిన మూసీలో, వానాకాలం చివర, గోధుమరంగు చిక్కగా దిగుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీరు పట్టుకోగలిగిన ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములే. ఈ అంకె గుర్తుంచుకోవాలి, దిగువన దీనితోనే పని. గండిపేట దాకా కథ ఇంతే: అక్కడక్కడా ఊళ్లు, పొలాలు, బురద, చేపలు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. చనిపోయినవాళ్లు పదిహేను వేలదాకా ఉంటారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను నగరానికి ఎగువనే ఆపే జలాశయాలు కట్టమని ఆయన చెప్పాడు. 1920లో మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరు ఇచ్చాయి. వీటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం చేసే పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ రాకుండా 1996లో 111వ జీవో వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమ పెట్టడం మీద నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది. చెరువు పాడవుతుందని జనం నిరూపించడం కాదు, పాడవదని పరిశ్రమ పెట్టేవాడు నిరూపించుకోవాలని దాని సారం. 2022లో 69వ జీవో ఆ ఆంక్షలను తీసేసింది. ఆంక్ష ఉండాలా వద్దా అని వాదించుకునేవాళ్లు పరీవాహక ప్రాంతం అంటే ఏమిటో చాలాసార్లు మరిచిపోతారు. చెరువు నీటి రసాయనం గట్టు దగ్గర తయారవదు, నీరు పారివచ్చే నేల మీద తయారవుతుంది.

రెండు ఆనకట్టల దిగువన ఏరు పేరుకే ఉంటుంది. గేట్లెత్తిన రోజుల్లో తప్ప పైనుంచి నీరు రాదు. బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. ఇక అక్కడినుంచి పారేది వేరే నీరు. ఆ నీరు ఎక్కడిదో చూస్తే జలవనరుల పాఠం మొత్తం ఇందులోనే ఉంది. నగరం పెరిగేకొద్దీ రెండు సాగర్లు చాలక మంజీరా నుంచి నీళ్లు తెచ్చుకుంది. 2004 నుంచి నాగార్జునసాగర్ జలాశయంలోని కృష్ణ నీరు అక్కంపల్లి మీదుగా పంపులెక్కి వస్తోంది. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చింది. ఇంట్లో వాడుకున్న నీటిలో ఎనభై శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజనీర్లు లెక్కకట్టుకుంటారు. అంటే ఎండాకాలం నగరంలోని చాదర్‌ఘాట్ వంతెన కింద పారేదాంట్లో అనంతగిరి చుక్క ఉండదు. నగరం తాగి, స్నానం చేసి, గిన్నెలు తోమి వదిలిన కృష్ణా గోదావరులే మూసీ పేరుతో నడుస్తాయి. ఒకప్పుడు వేసవిలో ఎండిపోయే ఏరు ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతోంది.

చాదర్‌ఘాట్‌లో సీసా నింపితే అవక్షేపం గోధుమరంగు తిరగదు. కారణం లెక్కలో ఉంది. లీటరు ఇంటిమురుగులో ఉన్న సేంద్రియ పదార్థాన్ని తినేయడానికి బ్యాక్టీరియాకు 200 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కావాలి. దీన్నే బీఓడీ అంటారు. నీటి దగ్గర ఉన్నది ఏడున్నర. ఈ పరీక్షను చాలా దేశాల్లో 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులు చేస్తారు. మన దేశపు ప్రమాణం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, మన ఎండకు తగ్గట్టు. అన్నట్టు, ఇలాంటి నల్లటి నీటిలో సల్ఫైడు వింక్లర్ లెక్కను చెడగొడుతుంది. ఇక్కడ సీసా చూసి ఊరుకుని, అంకెకు మీటరును నమ్ముకోవాలి.

ఆక్సిజన్ అయిపోయినంత మాత్రాన బ్యాక్టీరియా తినడం మానవు. ముందు నైట్రేటులోని ఆక్సిజన్‌ను, అదీ అయిపోతే సల్ఫేటులోని ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. సల్ఫేటు సల్ఫైడు అవుతుంది. అందులో కొంత హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా లేచి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, ఒడ్డున బతికేవాళ్ల వెండి పట్టీలను నల్లబరుస్తుంది. కొంత బురదలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడు అవుతుంది. మూసీ నలుపు చాలావరకు అదే. మురికి ఎక్కువై నల్లబడిందనడం కంటే, ఊపిరాడక నల్లబడిందంటే సరిపోతుంది.

అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి గొట్టంలో వచ్చే నీరు కూడా ఇక్కడికే చేరుతుంది. ఆ గొట్టానికి ముందు పటాన్‌చెరు వ్యర్థజలం నక్కవాగులో పడి మంజీరాకు చేరేది. 2007లో స్వీడన్ పరిశోధకులు, సుమారు 90 మందుల పరిశ్రమల నీరు చేరే పటాన్‌చెరు కేంద్రం విడిచే జలంలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉందని ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అంత మందులో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా దానికి లొంగనివే అయి ఉంటాయి. గొట్టం వేశాక మంజీరాకు ఆ బాధ తగ్గింది. గోదావరి వైపు పోవాల్సిన వ్యర్థం కృష్ణ వైపు మళ్లింది. ఇంజనీరింగ్ పరిభాషలో దీన్ని పరిష్కారమే అంటారు. నేను బదిలీ అంటాను.

ఇక నగరం దాటాక మూసీ అసలు చదవదగ్గ చోటికి వస్తుంది. ప్రతాపసింగారం, ఎదులాబాద్, పిల్లాయిపల్లి, వలిగొండ వైపు సాగుతుంటే ఏటికి అడ్డంగా వరసగా తక్కువ ఎత్తు రాతికట్టలు ఎదురవుతాయి. ఇక్కడివాళ్లు వాటిని కత్వలంటారు. కాలువలకు నీరు మళ్లించడానికి కట్టినవి, నీటిని శుద్ధి చేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. కానీ ప్రతి కత్వ వెనక నీరు నిలుస్తుంది, మడ్డి అడుక్కి దిగుతుంది. కత్వ మీంచి దూకేటప్పుడు గాలిని కలుపుకుంటుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు నగరం దిగువన సుమారు 40 కిలోమీటర్ల మేర నీటిని పరీక్షించి, బీఓడీ, మలసంబంధ బ్యాక్టీరియా, నులిపురుగుల గుడ్లు దిగువకు పోయేకొద్దీ బాగా తగ్గుతున్నాయని చూశారు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. ఆక్సిజన్ ముందు పడిపోయి, తర్వాత మెల్లగా లేచే వంపును 1925లో అమెరికాలో ఒహాయో నది మీద స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు సమీకరణంగా రాశారు. అది కాగితం మీద నున్నగా సాగే వంపు. మూసీలో కత్వ కత్వకూ మెట్లెక్కుతుంది.

కత్వల కింద నురగ గుట్టలు గుట్టలుగా లేస్తుంది. వార్తల్లో ఫొటోలొచ్చేది దీనికే. బట్టల పొడిలోని సర్ఫాక్టెంటును బ్యాక్టీరియా తినగలదు గానీ అందుకు ఆక్సిజన్ కావాలి. నగరంలో అది లేదు కనుక సర్ఫాక్టెంటు చెక్కుచెదరకుండా వచ్చి, గాలి తగిలిన మొదటి దూకుల్లోనే నురగై పొంగుతుంది. విచిత్రమేమిటంటే, ఏరు మళ్లీ ఊపిరి పీల్చుకోవడం మొదలైన చోటే చూడటానికి అన్నిటికంటే అసహ్యంగా ఉంటుంది.

ఒడ్డు పొలాల్లో గడ్డి పెంచుతారు. కోసి కట్టలు కట్టి నగరంలోని పాడిపశువుల కొట్టాలకు అమ్ముతారు. ఇంకాస్త దిగువన వరి. మురుగులోని అమ్మోనియా పైరుకు యూరియాలాగే పనిచేస్తుంది. ఎరువు ఖర్చు తగ్గుతుంది, కానీ నత్రజని మోతాదు రైతు చేతిలో ఉండదు. పైరు ఏపుగా పెరిగి అడ్డం పడిపోతుంది, కంకిలో తాలు ఎక్కువవుతుంది. ఈ నీటిలో దిగి పనిచేసేవాళ్లకు కొంకిపురుగుల బెడద ఎక్కువని కూడా పరిశోధనలు చెప్పాయి.

నీరు బాగుపడుతోందన్న మాటను ఇక్కడ విడదీసి చూడాలి. కర్బనం కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలోకి పోతుంది. నత్రజనిలో కొంత కూడా నిజంగానే పోతుంది: వరిమడి పైపొరలో అమ్మోనియా నైట్రేటుగా మారి, కింద ఊపిరాడని బురదలో నత్రజని వాయువై వెళ్లిపోతుంది. ఫాస్ఫరసు, లోహాలు, పురుగుల గుడ్లు ఎక్కడికీ పోవు, కత్వ వెనక మడ్డిలో కూర్చుంటాయి. సిప్రోఫ్లోక్సాసిన్ కూడా మట్టిరేణువులను గట్టిగా పట్టుకునే మందే. పెద్ద వరద వస్తే ఆ మడ్డి లేచి మరో కత్వ వెనక్కి చేరుతుంది. సోడియం, క్లోరైడు మాత్రం నీటితోనే నడుస్తాయి. పొలంలో నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. చూపుకు తేటపడ్డ నీరే ఎగువ నీటికంటే ఉప్పగా ఉండగలదు.

సూర్యాపేట దగ్గర సోలిపేటలో 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది. 4.46 టీఎంసీల నీరు ఇక్కడ తీరిగ్గా నిలుస్తుంది. ఎగువనుంచి వచ్చిన నత్రజని, ఫాస్ఫరసు ఇలా నిలిచిన నీటిలో నాచును పెంచుతాయి. నాచు పట్టిన నీటిలో మధ్యాహ్నం మూడింటికి సీసా నింపితే గోధుమరంగు చిక్కగా దిగుతుంది, నీరు మామూలుగా పట్టుకునే దానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపించవచ్చు. అదే చోట తెల్లవారుజామున నింపితే నాచు రాత్రంతా పీల్చుకున్నది పోగా కొంచెమే మిగిలి ఉంటుంది. మధ్యాహ్నం ఇంకో చిక్కు: నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్‌ను పెంచుతుంది, పీహెచ్ పెరిగితే అమ్మోనియం చేపలను చంపే అమ్మోనియాగా మారుతుంది. నమూనా పట్టీ మీద తేదీతో పాటు గంట రాయమని అడిగేది ఇందుకే.

వాడపల్లిలో, మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం ఉన్న గట్టు దగ్గర, మూసీ కృష్ణలో కలుస్తుంది. ఇది నాగార్జునసాగర్‌కు దిగువ. సాగర్ దగ్గర హైదరాబాదు ఎత్తుకున్న నీటిలో కొంత ఇలా తిరిగొచ్చి, సాగర్ కిందే కృష్ణకు చేరుతుంది. ఇక్కడ సీసాలో గోధుమరంగు కనిపించగానే నీరు బాగుందని రాసి సంతకం పెట్టే ప్రమాదం ఉంది. సీసా చెప్పగలిగింది ఆక్సిజన్ సంగతే. విద్యుత్ వాహకత, నైట్రేటు, సోడియం కొలవాలి. అడుగు మట్టి తీసి లోహాలు, మందుల అవశేషాలు చూడాలి. వానాకాలంలో కృష్ణ ఇవన్నీ పలచన చేసేస్తుంది కనుక, సాగర్ నుంచి విడుదల తక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో వచ్చి కొలవాలి. ఇక్కడినుంచి నీరు పులిచింతలకు, ఆ తర్వాత విజయవాడ ప్రకాశం బ్యారేజీకి, డెల్టా కాలువలకు వెళుతుంది.