చూసుకో, మేనేజ్ చెయ్యి

"పెండింగ్‌లో ఉంది" అన్న మాటలో మనిషి ఉండడు. "ఇంకా చెయ్యలేదు" అంటే ఎవరు చెయ్యలేదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పెండింగ్ అంటే రాదు. మా పద్మనాభంలో ఈ మాటకి ఇంగ్లీషు చదువుతో పనిలేదు. పాస్‌పుస్తకం పెండింగు, కరెంటు మీటరు పెండింగు, పెళ్లి సంబంధం కూడా పెండింగే.

ఇలా తెలుగు పాడైపోతోందని వాపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది. పని చేయించే మాటలు మనకి చాలావరకు పైవాళ్ల నుంచే వచ్చాయి. బకాయి, తాకీదు, హాజరు, అజమాయిషీ అన్నీ అరబ్బీ, పారశీ కచేరీల్లోంచి దిగినవే. అచ్చ తెలుగనిపించే 'పురమాయించు' కూడా ఆ తోవనే వచ్చింది. (ఆ మాటకొస్తే 'పేచీ' కూడా.) పేష్కష్ బకాయిల దగ్గర కంపెనీతో చెడి, మచిలీపట్నం వెళ్లిపొమ్మంటే వెళ్లకుండా, విజయనగరం రాజు చిన విజయరామరాజు దండు దిగింది మా ఊళ్లోనే. 1794 జూలై 10న ఇక్కడే చంపేశారు. డెడ్‌లైన్ అన్న మాట తర్వాతెప్పుడో వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో జైలు శిబిరాల్లో అదొక గీత, దాటిన ఖైదీని కాల్చేసేవారు. మనం దాన్ని గురువారం సాయంత్రం ఐదింటికి వాడుతున్నాం.

కిందటేడు అమ్మమ్మకి కంటి ఆపరేషన్. అన్నయ్య హైదరాబాద్‌లో, అక్క గాజువాకలో, నేను పొద్దున పోతే రాత్రి దాకా రుషికొండలో ఆఫీసు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. "చెకప్‌కి ఓనర్ ఎవరు?" "చుక్కల మందు ఫాలో అప్ నాది." "ఆదివారం దాకా అమ్మమ్మని నువ్వు మేనేజ్ చెయ్యి." ఈ మాటలే లేకపోతే ముగ్గురం కొట్టుకునేవాళ్లం. "నువ్వు సెలవు పెట్టు" అంటే తగువు. "నీకు బ్యాండ్‌విడ్త్ ఉందా" అంటే లేదనొచ్చు. మొహం చాటెయ్యకుండా లేదనగలగడం చిన్న సౌకర్యమేం కాదు.

కాకపోతే ఫోన్ స్పీకర్లో ఉండేది, అమ్మమ్మ పక్క మంచం మీద ఉండేది.

"ఏటే, నన్ను మేనేజీ సెయ్యడం ఏటి? నానేటి బ్యాంకునా?"

మరేమనాలి అంటే, "సూసుకోడం" అంది. పని చూసుకో, పిల్లని చూసుకో, నీ దారి నువ్వు చూసుకో: ఆజ్ఞ, ఆప్యాయత, బెదిరింపు, అన్నిటికీ అదే మాట. అన్నిట్లోనూ చూపు ఉంది. మేనేజ్‌లో అది లేదు.

చుక్కలు రోజుకి నాలుగుసార్లు. అన్నయ్య షీట్ తయారుచేసి రిమైండర్లు పెట్టాడు. అమ్మమ్మ లెక్క వేరు: కాఫీ తాగాక, అన్నం తిన్నాక, దీపం పెట్టాక, పడుకోబోయే ముందు. షీట్‌లో నాలుగు గళ్లూ రోజూ ఆకుపచ్చగానే ఉండేవి. నింపేది అక్క. నాలుగుసార్లూ ఫోన్ చేసి, "వేసుకున్నావా?" అని అడిగి.