కోరుకొండ తీర్థానికి జడే ముద్దు

రాజమండ్రి నుంచి గోకవరం రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు వెళితే కోరుకొండ. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం. తీర్థానికొచ్చే ఆడపిల్లల పూలజడలు చూడటం ఓ ముచ్చట. ఇప్పుడు వాటి పక్కనే ఇస్త్రీ చేసినట్టు నిటారుగా వేలాడే జుట్టూ కనిపిస్తోంది.

తడి జుట్టుకు స్ట్రెయిటనర్ తగిలిస్తే వెంట్రుకలోని నీరు ఆవిరై బుడగలు కడుతుంది. అక్కడే పుటుక్కున తెగుతుంది. ఏ నూనె రాసినా మళ్లీ అతకదు. జుట్టు పెరిగేదేమో నెలకు అరంగుళం! నడుం దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది.

అందుకే పార్లర్లో వేడి ఎంత పెడతారో ముందే అడగండి. 200 డిగ్రీలంటే వద్దనండి. 'ముందు పూర్తిగా ఆరనివ్వమ్మా' అనే ఆవిడను నమ్మొచ్చు. తీర్థం రద్దీలో తొందరపెట్టే చోటైతే మామూలు జడే వేయించుకుని మెట్లెక్కండి. ఎలాగూ చెమటకు ఆ ఇస్త్రీ సగం కొండెక్కేసరికే వదిలిపోతుంది.