నాలుగు శ్రుతికి తీగలు

"ఏ ట్యూనింగ్‌కి కావాలి?" అని అడిగాడు గిటార్ల కొట్లో కుర్రాడు.

నేను వెళ్ళింది ఆరు తీగలు కొనుక్కోవడానికి. ల్యాప్ స్టీల్ గిటార్‌కి తీగలిమ్మంటే ఇచ్చేస్తాడనుకున్నాను. "సి సిక్స్తా, ఓపెన్ డి నా, ఓపెన్ జి నా?" అని అతను వరసగా అడుగుతుంటే, మొదటిసారి ఇండియన్ స్టోర్‌లో నా భార్య "ఏ కందిపప్పు?" అని అడిగినప్పుడు నిలబడ్డట్టే నిలబడ్డాను. ఇంటికెళ్ళి కనుక్కుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

గిటారు మా నాన్నగారిది. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కలకత్తా దగ్గరే కాబట్టి ఆ రోజుల్లో అక్కడ ఊపు మీదున్న హవాయిన్ గిటార్ మోజు ఆయనకీ అంటుకుంది. హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు 1880ల చివర గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఇనప ముక్క జార్చి వాయించడం మొదలుపెట్టాడు. రైలు పట్టాల దగ్గర దొరికిన బోల్టుతో మొదలైందని ఓ కథ. 1940లలో టావ్ మో అనే హవాయి విద్వాంసుడు కుటుంబంతో సహా కలకత్తాలో కొన్నేళ్ళు ఉండి, ఆ వాద్యాన్ని అక్కడ బాగా ప్రచారం చేశాడు. మా నాన్నగారు మాత్రం బోల్టుతో సరిపెట్టుకోలేదు. వర్క్‌షాపులో లేత్ మీద చక్కగా స్టీలు బార్ తిప్పించుకున్నారు.

నాన్నగారు పోయాక గిటారు నాతో తెచ్చుకున్నాను. తీగలు తుప్పు పట్టాయి. ఆయన ఏ ట్యూనింగ్ వాడేవారో ఒక్కరోజు కూడా అడగలేదు. మనం ఇంజనీర్లం కదా! గరాజ్‌లోంచి డిజిటల్ కాలిపర్ తీసి తీగల మందం కొలిచాను. సన్నదాని నుంచి వరసగా 16, 18, 26, 36, 46, 56. అంటే అంగుళంలో వెయ్యో వంతులు.

ఇక్కడ పిల్లలకోసం ఒక చిన్న ఫిజిక్స్ పాఠం. తీగ పొడుగు మారనప్పుడు, తీగ బరువయ్యేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది, బిగించేకొద్దీ పైకి ఎక్కుతుంది. సన్నతీగని తక్కువ స్వరానికి వదిలితే వేలాడిపోయి బార్ కింద గలగలమంటుంది. లావుతీగని ఎక్కువ స్వరానికి లాగితే పాత గిటారు పొట్ట పైకి లేస్తుంది. అందుకని ముందు ట్యూనింగ్, తర్వాత తీగ. నేను దాన్నే తిరగేసి, తీగని బట్టి ట్యూనింగ్ పట్టుకుందామనుకున్నాను.

సి సిక్స్త్ అంటే సి, ఇ, జి, ఎ, సి, ఇ. హవాయి పాటలకీ, టెక్సాస్ స్వింగ్ సంగీతానికీ పెట్టింది పేరు. దానికి లావుతీగ 36 దగ్గరే ఆగుతుంది. నాన్నగారిది 56 దాకా వెళ్ళింది కాబట్టి అది కాదు. ఓపెన్ డి అయితే డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి. సన్నతీగ వట్టిగా మీటితేనే 'స' పలుకుతుంది. మన పాటకి ఇదే బాగుంటుందని అలాగే బిగించాను. నాన్నగారి పాట రాలేదు.

అప్పుడు చూసింది మా అమ్మాయి. "నాన్నా, ఈ రెడ్ డాట్స్ ఏంటి?"

సన్నతీగ పక్కన వెలిసిపోయిన ఎర్రచుక్కలు. 2, 4, 5, 7, 9, 10, 12 మెట్ల దగ్గర. అయిదో మెట్టు దగ్గర చుక్క మాత్రం పెద్దది. అక్కడ 'స' పెట్టుకుని లెక్కేస్తే మిగిలినవన్నీ శంకరాభరణం స్వరాలు! అంటే సన్నతీగ వట్టిగా మీటితే 'ప' పలకాలి. అయితే ఓపెన్ జి: డి, జి, డి, జి, బి, డి. లేదా ఇదే వరస ఒక స్వరం పైన, ఓపెన్ ఎ. రెంటిలో ఏది?

అమ్మకి ఫోన్ చేశాను.

"చుక్కలా? నా గోళ్ళరంగేరా అది. కళ్ళజోడు వచ్చాక మెట్లు సరిగ్గా కనపడట్లేదంటే నేనే పెట్టాను" అంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మాస్టారు ఆరు శ్రుతికి బిగించమన్నారు. నాది అయిదు. నా గొంతు అందదని మీ నాన్నగారు దింపేశారు."

ఆరు శ్రుతి అంటే ఎ. అయిదంటే జి. కాలిపర్ చెప్పలేని ముక్క అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది.

వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చింది. నాన్నగారు పోయాక పాడడం మానేసింది. నేను జి లో బిగించి, వచ్చీరాని వేళ్ళతో ఆవిడ పాడే కీర్తన పల్లవి వాయించాను. నెమ్మదిగా గొంతు కలిపింది. పై 'స' దగ్గరికొచ్చి ఆగిపోయింది. "ఎక్కువైందిరా. ఇప్పుడు నాది నాలుగే" అని లేచి వెళ్ళబోయింది.

"బార్‌ని రెండు మెట్లు కిందికి జరిపితే సరిపోతుందిగా?" అంది మా అమ్మాయి. తెలివైన ప్రశ్నే. పాట జరుగుతుంది. కానీ వట్టితీగలు తంబురాలా మోగేవి జరగవు, అవి అయిదులోనే ఉండిపోతాయి. చుక్కలూ అబద్ధం చెబుతాయి. సరే, మొత్తం తీగలన్నీ రెండు అరస్వరాలు దింపి ఎఫ్ కి తెచ్చాను. బిగువు అయిదో వంతు తగ్గిపోయి, బార్ తీగల్లో కూరుకుపోయింది. గొంతు కలపడానికి కూర్చున్న అమ్మ ఆ గలగలకి నవ్వేసింది.

అదే బిగువు నిలవాలంటే తీగ మందం నూటికి పన్నెండు వంతులు పెరగాలి. 16 బదులు 18, 18 బదులు 20, 26 బదులు 29 లెక్కకొచ్చింది, దొరికింది 30. 36కి 40, 46కి 52, 56కి 62. కాగితం మీద రాసుకుని మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళాను. వాటిని సెట్‌గా అమ్మరు, విడివిడిగా ఏరుకోవాలి. "ఇది ఏ ట్యూనింగ్?" అన్నాడు కుర్రాడు.

"మా అమ్మ శ్రుతి" అన్నాను. నవ్వకుండా తీగలు ఏరి ఇచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ పల్లవి, అనుపల్లవి, చరణం పూర్తిగా పాడింది. మధ్యలో ఒకచోట ఆగి, కళ్ళు తుడుచుకుని, నేను తప్పు వాయించానని తిట్టి, మళ్ళీ ఎత్తుకుంది. నేను తప్పు వాయించిన మాటా నిజమే.

మన దగ్గరికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నయాగరా చూపిస్తాం, మాల్‌కి తీసుకెళ్తాం. వాళ్ళ శ్రుతి ఇప్పుడు ఎక్కడుందో అడగడం మర్చిపోతాం. నాన్నగారు అప్పట్లోనే అడిగారు, అడిగి తీగలు దింపుకున్నారు.

అమ్మ తిరిగి వెళ్ళే ముందు మా అమ్మాయి వెలిసిపోయిన చుక్కలకి మళ్ళీ రంగు వేసింది. శ్రుతి మారినా 'స' అయిదో మెట్టు దగ్గరే ఉంది కదా! కాకపోతే దాని దగ్గర ఎర్రరంగు లేదు. ఇప్పుడు మా నాన్నగారి గిటారు మీద ఊదారంగు చుక్కలున్నాయి.