పికప్ ఎత్తు పెంచాలనుకునే రైతు సోదరులకు నా అనుభవం



మొన్న మా బజారు కుర్రాడొకడు వచ్చి, "మావా, నా పికప్‌ని నాలుగంగుళాలు లేపిస్తన్నా, టైర్లు కూడా వెడల్పువి వేయిస్తన్నా. నువ్వు కూడా చేయించావంట కదా, ఎక్కడ?" అని అడిగాడు. నిలబడి నాలుగు మాటలు చెప్పా గానీ మనసు ఊరుకోలా. వాడి లాగా ఆలోచించేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాది సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్. ముందూ వెనకా కట్టలే. పిడుగురాళ్ల నుంచి మా చేనికి తారు రోడ్డు పోను ఆఖర్న కిలోమీటరున్నర నల్లరేగడి డొంక. ఎండాకాలం మోకాలి లోతు దుమ్ము, ఒక్క జల్లు పడితే బంక. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాళ్లు పడి, మధ్యలో గట్టులా లేచి ఉంటది.

నిరుడు ఫిబ్రవరిలో కల్లంలో తేజ కాయ ఎండింది. మబ్బు పట్టేసరికి ఆదరాబాదరాగా 28 టిక్కీలు ఎక్కించి బయలుదేరా. సగం దారిలో వాన అందుకుంది. వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండు, అదే డిఫరెన్షియల్, ఆ మధ్య గట్టు మీద కూర్చుంది. చక్రాలు ఊరికే తిరుగుతున్నయ్, బండి కదల్లా. ట్రాక్టరు తెచ్చి లాగేసరికి అర్ధరాత్రి. పట్టా చినుగుల్లోంచి నీళ్లు దిగి అయిదు టిక్కీలు తడిసినయ్. ఎండబెట్టినా రంగు పోయింది, తాలు రేటుకు ఇచ్చుకున్నా.

ఆ కోపంలో వారం తిరక్కుండా బండి లేపించా. ఎక్కడో, ఎవరో వద్దులెండి, అడిగింది నేనే. వెనక ఇరుసుకీ కట్టకీ మధ్య మూడంగుళాల ఇనప దిమ్మ పెట్టారు. ముందు కట్టలో పట్టీలు కలిపారు. బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు, వెడల్పాటి టైర్లు. అరెకరం కోత కూలీ డబ్బులకు పైనే అయినయ్. బజార్లో పోతుంటే అందరూ తిరిగి చూసేవాళ్లు. అబద్ధం ఎందుకు, నాకూ బాగానే ఉండేది.

నెల తిరక్కుండా ఇంకో జల్లు. అదే డొంక, అదే చోటు, మళ్లీ దిగబడ్డా.

అప్పుడు టేపు తెచ్చి కొలిచా. లేచింది పైన తొట్టి, ఛాసీ. కింద గుండు ఎక్కడుందో అక్కడే ఉంది! ఇరుసు చక్రానికి బిగించి ఉంటది కాబట్టి చక్రం ఎత్తు పెరిగితేనే అది లేస్తది, కట్టలు లేపితే లేవదు. మన తాతలకు ఇది తెలుసు. ఎడ్లబండి చక్రం మనిషి రొమ్ముదాకా ఉండేది, పట్టా మాత్రం సన్నగా ఉండేది. ఎత్తు చక్రం ఇరుసుని బురదకి అందకుండా ఉంచేది, సన్న పట్టా బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకునేది. నేను చేయించింది దానికి సరిగ్గా తిరగేసి. వెడల్పు టైరు గాట్లలో రేగడి నిండిపోయి నున్నగా బోడిగుండు అయింది, ఇంక పట్టేముంది?

డబ్బు పోయింది అనుకుంటే సరిపోయేది. అసలు సంగతి ఏప్రిల్‌లో జరిగింది.

30 టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోతున్నా. టిక్కీ 42 కిలోలు అనుకున్నా పన్నెండున్నర క్వింటాళ్లు. సత్తెనపల్లి దాటాక ముందు ఒక ఆటో, నిండా కోతకు పోయే ఆడవాళ్లు. ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు తొక్కా. రోజూ ఆగే దూరంలో ఆగలా. ముందు చక్రాలు కీచుమంటూ ఈడ్చుకుపోయినయ్, బండి వెనకభాగం పక్కకి ఊగింది, పైన టిక్కీలు ఒక వైపుకి వాలినయ్. ఆటోకి జానెడు దూరంలో ఆగింది. వెనక అంచున కాళ్లు బయటికేసి కూర్చున్న ఒకామె నా బంపరు వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఏమీ అనలా. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

మర్నాడు లారీలు చేసే పాత మేస్త్రీకి చూపించా. ఆయన బండి కిందకి దూరి చూసి వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న రాడ్డు చూపించాడు. ఎల్ఎస్‌పీవీ అంటారు, చాలా పికప్పులకు ఉంటది. లోడు పడితే ఛాసీ కిందకి దిగుతది, ఆ రాడ్డు కదిలి వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ పంపిస్తది. బండి ఖాళీగా ఉంటే తగ్గిస్తది. మూడంగుళాలు లేపేసరికి, లోడున్నా సరే బండి ఖాళీ అనుకుంటంది ఆ వాల్వు. అంటే పన్నెండున్నర క్వింటాళ్ల బరువుకి ఖాళీ బండి బ్రేకు! దానికి తోడు బ్రేకు పైపు బిగదీసి ఉంది, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి క్రాసులు అరుగుతున్నయ్. "లేపినోడు ఈ రాడ్డు సరిచెయ్యాలయ్యా, నువ్వన్నా అడగాలి" అన్నాడు. నాకేం తెలుసు అడగటానికి. అందుకే మీకు చెప్తున్నా.

దిమ్మలు, రిమ్ములు అన్నీ పీకించా. కుంగిపోయిన పాత పట్టీలు మార్పించి, వెనక ఒక్క పట్టీ కలిపించా. అంగుళం పైన కొంచెం లేచింది, అంతే. రాడ్డు సరిచేయించి, లోడు వేసి బ్రేకు చూసుకున్నాకే రోడ్డెక్కా.

టైరు 215/75 ఆర్ 15 నుంచి 235/75 ఆర్ 15 కి మార్చా, పాత రిమ్ము మీదే. ఆర్టీవో ఆఫీసులో అడిగాకే. లెక్క చూడండి: పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. తేడా 30. గుండు లేచేది అందులో సగం, 15 మిల్లీమీటర్లు, చిటికెన వేలు మందం. టైరుతో నిజంగా దొరికే ఎత్తు ఇంతే, దీన్ని బట్టి ఆశ పెట్టుకోండి. మీటరు 60 చూపిస్తే అసలు వేగం 62 దాటి ఉంటది, అదీ గుర్తుంచుకోండి.

టైరు కొనేటప్పుడు సైజు పక్కన ఉండే నంబరు చూడండి. 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోస్తది, 108 అంటే 1000 కిలోలు. మీ పాత టైరు నంబరు కన్నా తక్కువది తీసుకోవద్దు. కారు టైరు కాదు, బరువు మోసే ఎల్‌టీ రకం అడగండి. నాలుగంకెల తేదీ కూడా చూడండి, 2324 అంటే 2024 లో 23వ వారం తయారీ. స్టెఫినీ కూడా అదే సైజు ఉండాలి.

ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టడానికి మనమే దారి ఇచ్చినట్టు.

మరి డొంక సంగతేంది అంటారా? ఆ దారిన పోయే ఆరుగురం డబ్బులేసుకుని, దిగబడే ఆ నలభై గజాలూ సున్నపురాయి ముక్కలు తోలించి, ట్రాక్టరుతో తొక్కించాం. మన పిడుగురాళ్లలో రాయికి కరువా. నా వంతు ఖర్చు ఆ రిమ్ముల్లో ఒక జత ధర కూడా కాలా. ఈ ఏడు రెండు వానలు పడినయ్, ఎవరి బండీ ఆగలా.

మా బజారు కుర్రాడికి కూడా ఇదే చెప్పా. "ముందు టేపు పట్టుకుని గుండు కింద ఎంత ఖాళీ ఉందో కొలువు, తర్వాత ఆ రాడ్డు చూడు" అన్నా. ఇంకా లేపించలేదంట. ఈ ఆదివారం వాళ్ల డొంక చూడటానికి నన్ను రమ్మన్నాడు.